'ఓవర్ డ్యూ' అంటే బాకీ తీరినట్టు కాదు

బ్యాంకు, కరువు, బీమా కాగితాల మీది ఇంగ్లీషు మాటలు: వాటిని ఎలా పలకాలి, ఏమని అర్థం చేసుకోవాలి

శింగనమల చెరువు కింద నాలుగు మళ్లున్న వారి సంగతి ఎలా ఉన్నా, మిట్ట మీద మూడెకరాల్లో చెనిక్కాయ వేసే రైతు ఇంటికి ఏడాదిలో వచ్చే కాగితాలు తక్కువేమీ కాదు. బ్యాంకు నోటీసు వస్తుంది. బీమా కట్టిన రసీదు ఉంటుంది. కరువు మండలాల జాబితా పేపర్లో పడుతుంది. ఇప్పుడు వీటికి తోడు సెల్‌ఫోన్‌కు మెసేజ్‌లు. వీటిలో తెలుగు సగం, ఇంగ్లీషు సగం. తెలుగులో అచ్చేసిన చోట కూడా ఇంగ్లీషు మాటనే తెలుగు అక్షరాల్లో పెడతారు. చదవడం వస్తుంది, అర్థం కాదు.

ఆ మధ్య మన పల్లెల్లోని ఒక పెద్దాయన బ్యాంకు నోటీసు తెచ్చి చూపించాడు. "నాయనా, ఇందులో ఓవర్ అయిందని రాసినారంట. ఇంక మన బాకీ ల్యాకపాయ కదా?" అని అడిగాడు. ఆయన తప్పేం లేదు. క్రికెట్లో ఓవర్ అయిందంటే అయిపోయిందనే. సినిమా ఓవర్ అంటే లేచి ఇంటికి పోవడమే. కానీ నోటీసులో ఉన్న మాట 'ఓవర్ డ్యూ'. 'డ్యూ' అంటే కట్టవలసిన బాకీ, కట్టవలసిన తేదీ. ఆ తేదీ దాటిపోయింది, మీరు ఇంకా కట్టలేదు అని దాని అర్థం. తెలుగులో 'గడువు మీరిన బాకీ'. ఆయన సంతోషంగా తెచ్చిన కాగితం నిజానికి హెచ్చరిక. ఇక బాకీ ఏమీ లేదని బ్యాంకు ఇచ్చే కాగితం వేరే ఉంటుంది. దాని పేరు 'నో డ్యూ' సర్టిఫికెట్. రెండింటిలోనూ 'డ్యూ' ఉంది, ముందున్న చిన్న మాటలో ఉంది తేడా అంతా.

ఓవర్ డ్యూ అలాగే సాగితే తర్వాత వచ్చేది 'ఎన్‌పిఏ'. మూడు అక్షరాలనూ విడివిడిగా పలకాలి. మొండి బాకీ అన్నమాట. చెనిక్కాయ లాంటి స్వల్పకాలిక పంట మీద తెచ్చిన అప్పు రెండు పంట కాలాలు ఓవర్ డ్యూలో ఉంటే ఎన్‌పిఏ కింద రాస్తారు. ఆ ముద్ర పడితే కొత్త అప్పు పుట్టడం కష్టం.

డెట్, డెబిట్, క్రెడిట్

అప్పుకు ఇంగ్లీషులో 'లోన్' కాక ఇంకో మాట ఉంది. డి, ఇ, బి, టి అని నాలుగక్షరాలు రాస్తారు. ఇంటర్ దాకా చదివిన నేను కూడా చాలా ఏళ్లు దాన్ని 'డెబ్ట్' అనే పలికాను. 'బి' పలకరాదు, 'డెట్' అనాలి. లాటిన్ మాటలో బి ఉందని పూర్వం పండితులు రాతలో దాన్ని చేర్చారు, జనం నోటికి అది ఎక్కలేదు. రసీదుకు ఇంగ్లీషు మాట కూడా అలాంటిదే. రాతలో 'పి' ఉంటుంది, పలికేటప్పుడు 'రిసీట్'.

'డెబిట్' మాత్రం బి పలికే మాట. డెట్‌కు చుట్టమే. మీ ఖాతాలోంచి డబ్బు పోతే 'డెబిట్', మీ ఖాతాలోకి వస్తే 'క్రెడిట్'. సెల్‌ఫోన్ మెసేజ్‌లో ఈ రెండింటిలో ఏది ఉందో ముందు చూడండి, అంకె తర్వాత. కేంద్రం ఏడాదికి మూడు విడతలుగా ఇచ్చే 6,000 రూపాయల పి.ఎం. కిసాన్ సొమ్ము పడితే 'క్రెడిటెడ్' అని వస్తుంది. అదే రోజు 'డెబిటెడ్' అని ఇంకో మెసేజ్ వచ్చిందంటే ఎవరో, ఏదో పట్టుకున్నారన్నమాట. ఏ పద్దు కింద పట్టుకున్నారో అడిగే హక్కు మీకుంది. 'హోల్డ్' అని చెబితే సొమ్ము ఖాతాలోనే ఉంది కాని తీసుకోనివ్వడం లేదని అర్థం.

క్రెడిట్ అనే మాటకు ఇంకో మొహం కూడా ఉంది. 1998లో మొదలైన 'కిసాన్ క్రెడిట్ కార్డు'లో క్రెడిట్ అంటే అప్పు. కాబట్టి అదే మాట ఒక చోట మీకొచ్చిన డబ్బు, ఇంకో చోట మీరు తీర్చవలసిన డబ్బు. నమ్మడం అనే లాటిన్ మాట నుంచి ఇది పుట్టింది. నమ్మి ఇచ్చేది కాబట్టి క్రెడిట్. పల్లెలో కాగితం లేకుండా నమ్మకం మీద ఇచ్చే చేబదులు దీనికి దగ్గరి మాట.

అసలును 'ప్రిన్సిపల్' అంటారు. కాలేజీ ప్రిన్సిపాల్‌కూ దీనికీ ఇంగ్లీషు రాత ఒక్కటే. వడ్డీ 'ఇంట్రెస్ట్'. కట్టిన డబ్బు మామూలుగా ముందు వడ్డీకి పోతుంది, మిగిలితేనే అసలుకు. పదివేలు కట్టి వచ్చాక పాస్‌బుక్కులో ప్రిన్సిపల్ ఎంత తగ్గిందో చూడండి. ఒక్కోసారి పైసా కూడా తగ్గి ఉండదు.

మాఫీ చుట్టూ ఉన్న మాటలు

డబ్బు పోగొట్టే గందరగోళం ఎక్కువగా ఇక్కడే జరుగుతోంది. మన నోట్లో ఉండేది ఒక్క మాట, 'మాఫీ'. కాగితం మీద దానికి దగ్గరగా కనిపించే మాటలు ఆరేడు ఉన్నాయి. ఒక్కోదానికి ఒక్కో ఫలితం.

అసలు సిసలు మాఫీ 'వేవర్'. 'వే' దీర్ఘం తీయాలి, 'వైవర్' కాదు. అప్పిచ్చిన వారు తమ హక్కు వదులుకోవడం. వేవర్ అయితే ఆ మేరకు బాకీ పోయినట్టే.

'రైట్ ఆఫ్' అనే మాట దీనికి అన్నదమ్ముడిలా కనిపిస్తుంది, కాదు. ఈ 'రైట్'కు కుడికీ ఒప్పుకీ సంబంధం లేదు. రాయడం అనే రైట్. దాని రాతలో మొదట డబుల్యు ఉంటుంది, పలకరు. వసూలు కాని బాకీని బ్యాంకు తన ఆస్తుల లెక్కలోంచి తీసేయడమే రైట్ ఆఫ్. అది వాళ్ల లెక్కల సర్దుబాటు. మీ మీద వసూలు హక్కు అలాగే ఉంటుంది, నోటీసు పంపవచ్చు, కోర్టుకు పోవచ్చు. 'మనది రైట్ ఆఫ్ చేసినారంట' అని ఎవరైనా చెబితే పండగ చేసుకోకండి.

'రీషెడ్యూల్' అంటే గడువులు మార్చి రాయడం. కరువు వచ్చినప్పుడు మన జిల్లాలో ఎక్కువగా జరిగేది ఇదే. ఈ ఏడాది కట్టవలసిన పంట అప్పును కొన్నేళ్ల వాయిదాల అప్పుగా మారుస్తారు. అలా మారిన దాన్ని 'టర్మ్ లోన్' అంటారు. 2018లో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం, పంట నష్టం 33 నుంచి 50 శాతం మధ్య ఉంటే రెండేళ్ల దాకా, 50 శాతం, ఆ పైన ఉంటే అయిదేళ్ల దాకా గడువు ఇవ్వవచ్చు. ఈ నిబంధనలు అప్పుడప్పుడు మారుతుంటాయి కాబట్టి ఆ ఏటి సంగతి బ్యాంకులోనే తెలుసుకోవాలి. 'మొరటోరియం' అనే బరువైన మాట కూడా ఇక్కడే వస్తుంది. మొ-ర-టో-రి-యం, అయిదు ముక్కలుగా పలకండి, నోరు తిరుగుతుంది. గడువు మొదట్లో కొంతకాలం, మామూలుగా ఒక ఏడాది, వాయిదా అడగరు. అంతే. అడగరు కాని వడ్డీ నడుస్తూనే ఉంటుంది. ఈ ఒక్క ముక్క తెలియక, రీషెడ్యూల్ అయిందంటే మాఫీ అయిందనుకుని బ్యాంకు గడప తొక్కడం మానేసి, మూడేళ్ల తర్వాత ఆ అంకె చూసి గుండె జారిన వారు మన పల్లెల్లో ఉన్నారు.

'రెన్యువల్' ఇంకో రకం. పాత అప్పు కట్టి కొత్తగా తీసుకోవడం. నిజంగా డబ్బు కట్టకుండా వడ్డీని అసలులో కలిపి కొత్త అప్పుగా రాసుకుంటే దాన్ని 'బుక్ అడ్జస్ట్‌మెంట్' అంటారు. చేతికి రూపాయి రాదు, పుస్తకంలో అప్పు పెరుగుతుంది.

'సబ్‌వెన్షన్' అనే మాట పేపర్లో 'వడ్డీ రాయితీ' అని వస్తుంది. మూడు లక్షల లోపు పంట రుణానికి కేంద్రం ఇచ్చే సాయం వల్ల రైతుకు వడ్డీ 7 శాతం పడుతుంది. గడువు లోపల కట్టినవారికి ఇంకో 3 శాతం తగ్గి 4 శాతమే అవుతుంది. ఆ 3 శాతాన్ని 'ప్రాంప్ట్' రీపేమెంట్ ఇన్సెంటివ్ అంటారు. ప్రాంప్ట్ అంటే చెప్పిన టైముకు. ఒక్కరోజు దాటితే ఓవర్ డ్యూ, అప్పుడు ఈ మాట మీకు వర్తించదు.

ఒక్క మాట తేడాతో ఎంత మారుతుందో చెప్పడానికి 2008 నాటి సంగతి చాలు. ఆ ఏడు కేంద్ర ప్రభుత్వం తెచ్చిన పథకం పేరులోనే రెండు మాటలున్నాయి, డెట్ 'వేవర్', డెట్ 'రిలీఫ్'. మనం రెండింటినీ కలిపి రుణమాఫీ అన్నాం. కానీ రెండు హెక్టార్లు, అంటే సుమారు అయిదెకరాల లోపు ఉన్న రైతులకే వేవర్. అంతకు మించి భూమి ఉన్నవారికి రిలీఫ్. అంటే 75 శాతం తాము కడితే 25 శాతం తగ్గిస్తారు. కరువు జిల్లాల జాబితాలో ఉన్న మన అనంతపురం లాంటి చోట్ల ఆ 25 శాతమా, 20,000 రూపాయలా, ఏది ఎక్కువైతే అది. మిట్టలో ఆరెకరాలున్న రైతు మాగాణిలో రెండెకరాలున్న రైతు కంటే బీదవాడే అయినా, కాగితం మీద ఆయన 'అదర్ ఫార్మర్', ఇతర రైతు. ఆయనకు రిలీఫే. ఇది అన్యాయమని ఆనాడే మన జిల్లాలో చాలామంది అన్నారు, నాకూ అదే అనిపిస్తుంది.

ఆ పథకంలోనే ఓవర్ డ్యూ మాట కూడా ఉంది. 2007 మార్చి 31 లోపల ఇచ్చిన అప్పు, ఆ ఏడు డిసెంబరు 31 నాటికి ఓవర్ డ్యూ అయి, 2008 ఫిబ్రవరి 29 దాకా కట్టకుండా ఉంటేనే లెక్కలోకి తీసుకున్నారు. చెవి కమ్మలు అమ్మి డిసెంబరులోనే కట్టిన వారికి ఏమీ రాలేదు.

2014లో మన రాష్ట్రంలో వచ్చిన పథకాన్ని కూడా అందరం మాఫీ అనే అన్నాం. ప్రభుత్వ కాగితాల్లో మాట 'రిడెంప్షన్', తెలుగులో 'రుణ విముక్తి'. విడిపించడం అని అర్థం, తాకట్టు నగ విడిపించినట్టు. కుటుంబానికి లక్షన్నర దాకా పరిమితి. యాభై వేలు దాటిన వారికి విడతల్లో ఇస్తామని పత్రాలిచ్చారు. వేవర్ అయితే బ్యాంకులో బాకీ ఆ రోజే పోవాలి. విడతల విముక్తిలో పోదు. చివరి విడతలు అందని రైతుల దగ్గర ఆ పత్రాలు ఇంకా ఉన్నాయి.

సన్నకారు, చిన్నకారు అనే మాటల సంగతి కూడా చూద్దాం. 'మార్జినల్' అంటే ఒక హెక్టారు, సుమారు రెండున్నర ఎకరాల లోపు. 'స్మాల్' అంటే అక్కడి నుంచి రెండు హెక్టార్ల దాకా. నోటుబుక్కు అంచున గీసే మార్జిన్ నుంచే మార్జినల్ వచ్చింది, అంచున ఉన్నవాడని. బ్యాంకులో 'మార్జిన్ మనీ' అంటే మాత్రం అప్పుతో పాటు మీరు సొంతంగా పెట్టుకోవలసిన వాటా.

డ్రౌట్ ఒకటి, డ్రై స్పెల్ ఒకటి

కరువుకు ఇంగ్లీషు మాటను చాలామంది 'డ్రాట్' అంటారు, కొందరు 'డ్రాఫ్ట్' అని కూడా అంటారు. డ్రాఫ్ట్ బ్యాంకులో తీసే డీడీ. కరువు 'డ్రౌట్', 'అవుట్' అన్నట్టే పలకాలి. రాతలో చివర జి, హెచ్ ఉంటాయి, వాటిని పలకనక్కరలేదు.

'డ్రై స్పెల్' అంటే వానకూ వానకూ మధ్య ఎండు రోజులు. మూడు నాలుగు వారాలు వరుసగా వాన ముఖం చాటేస్తే అధికారులు డ్రై స్పెల్ అని రాసుకుంటారు. ఊడలు దిగే వేళ అలా వస్తే చెనిక్కాయ పని అయిపోతుంది. అయినా డ్రై స్పెల్ ఉన్నంత మాత్రాన డ్రౌట్ ప్రకటించినట్టు కాదు. ప్రకటనకు వాన లోటుతో పాటు విత్తిన విస్తీర్ణం, పైరు పచ్చదనం, నేలలో తేమ, ఇంకా కొన్ని లెక్కలు చూస్తారు.

'నార్మల్' మాట ఇంకా మోసం చేస్తుంది. నార్మల్ అంటే మంచి వాన అని కాదు. ఎన్నో ఏళ్ల సగటు. మన జిల్లాలో ఏడాది సగటే సుమారు 550 మిల్లీమీటర్లు, రాష్ట్రంలో అందరికన్నా తక్కువ. పైగా వాతావరణ శాఖ లెక్కలో 19 శాతం తగ్గినా నార్మల్ కిందే వస్తుంది. 20 నుంచి 59 శాతం తగ్గితే 'డెఫిషియెంట్', అంటే లోటు. లెక్క కోసం మీ మండలం సీజను సగటు 300 మిల్లీమీటర్లు అనుకుందాం. 245 కురిస్తే కాగితం మీద నార్మల్. అందులో 150 ఒకే వారంలో కురిసి పారిపోయినా నార్మలే. 'మా చేను ఎండిపోతే నార్మల్ అంటారేమి' అని రైతు అడిగేది అందుకే.

ప్రకటించిన జాబితాలో 'సివియర్', 'మోడరేట్' అని రెండు వరుసలుంటాయి. సివియర్ అంటే తీవ్రం, మోడరేట్ అంటే మధ్యస్థం. 2024 అక్టోబరులో మన రాష్ట్రం 54 మండలాలను ప్రకటించినప్పుడు 27 తీవ్రం, 27 మధ్యస్థం. జాబితాలో పేరుంటే చాలని ఊరుకోకండి, ఏ వరుసలో ఉందో చూడండి. 2016 నాటి కేంద్ర కరువు మాన్యువల్ ప్రకారం జాతీయ విపత్తు నిధి నుంచి సాయం అడగడానికి తీవ్రమైన కరువు కావాలి, మధ్యస్థం చాలదు.

ఇన్‌పుట్ సబ్సిడీ, ఇన్సూరెన్స్

రెండూ 'ఇన్' తోనే మొదలవుతాయి, రెండూ పంట పోయాకే వస్తాయి. అందుకే ఒకటి వస్తే రెండోది రాదని కొందరు, రెండూ ఒకటేనని కొందరు అనుకుంటున్నారు.

'ఇన్‌పుట్' అంటే సేద్యంలో పెట్టేవి, విత్తనం, ఎరువు, మందు. నష్టపోయిన రైతు మళ్లీ పెట్టుబడి పెట్టుకోవడానికి ప్రభుత్వం ఇచ్చే సాయం ఇన్‌పుట్ సబ్సిడీ. మీరు ముందుగా ఏమీ కట్టనక్కరలేదు. పంట 33 శాతం, ఆ పైన పోవాలి. 2022లో కేంద్రం నిర్ణయించిన లెక్కలో వర్షాధార పంటకు హెక్టారుకు 8,500 రూపాయలు, రెండు హెక్టార్లకు మించకుండా. రాష్ట్రం తన వంతు కలిపితే అది వేరు. 'సబ్సిడీ విత్తనం' మాత్రం ధర తగ్గించి అమ్మేది, నష్టానికీ దానికీ సంబంధం లేదు.

'ఇన్సూరెన్స్' ఒప్పందం. ముందుగా మీరు కట్టేది 'ప్రీమియం'. నష్టం తర్వాత మీకు రావలసింది 'క్లెయిమ్'. 2016లో వచ్చిన ఫసల్ బీమాలో ఖరీఫ్ చెనిక్కాయ లాంటి పంటలకు రైతు వాటా బీమా మొత్తంలో 2 శాతం, రబీకి ఒకటిన్నర, వాణిజ్య, తోట పంటలకు 5 శాతం దాకా. 2019 తర్వాత కొన్నేళ్లు రైతు వాటాను కూడా రాష్ట్ర ప్రభుత్వమే కట్టింది. ఆ పద్ధతి 2024తో పోయింది. 2020 నుంచి బ్యాంకు అప్పున్న రైతుకు కూడా బీమా తప్పనిసరి కాదు. కాబట్టి 'బ్యాంకువాళ్లే పట్టుకుని ఉంటారులే' అనుకోరాదు. పాస్‌బుక్కులో ప్రీమియం అని డెబిట్ పడి ఉంటేనే మీరు బీమాలో ఉన్నట్టు.

'త్రెషోల్డ్' అంటే గడప. త్రెషోల్డ్ ఈల్డ్ అంటే గడప దిగుబడి, గత ఏళ్ల సగటును బట్టి కట్టేది. ఈ ఏటి దిగుబడి ఆ గడప కిందికి ఎంత దిగితే అంత నిష్పత్తిలో సొమ్ము. లెక్క కోసం, గడప ఎకరాకు 400 కిలోలు, పండింది 100 కిలోలు, బీమా మొత్తం 20,000 రూపాయలు అనుకోండి. లోటు ముప్పాతిక వంతు కాబట్టి రావలసింది 15,000. అయితే ఆ 100 కిలోలు మీ చేనిది కాదు. 'యూనిట్'ది, అంటే ఆ గ్రామానికో మండలానికో తీసిన పంట కోత ప్రయోగాల సగటు. మీ చేను పూర్తిగా పోయి, పక్క చేన్లు బాగుంటే క్లెయిమ్ రాకపోవచ్చు. కొన్ని పంటలకు దిగుబడి బదులు వానమాపకంలో పడిన లెక్కే చూస్తారు. మీ పంటకు ఏ పద్ధతో, యూనిట్ ఏదో, కట్టడానికి ఆఖరు తేదీ ఎప్పుడో విత్తక ముందే రైతు సేవా కేంద్రంలో అడగండి.

ఒక ముచ్చట. ఇంగ్లీషు మాటలన్నీ మనకు వచ్చినవే కాదు. 1800లో ఈ సీమ జిల్లాలకు కలెక్టరై అనంతపురంలో కాపురముండి రైతువారీ శిస్తు పెట్టిన మన్రో దొర కాలపు పుస్తకాల్లో, మన 'రైతు'కు మూలమైన 'రయ్యత్' అనే మాట 'రయట్' అయి కనిపిస్తుంది. మన మాట వాళ్లు పలకలేక పలికారు. కాబట్టి వాళ్ల మాట మనం తడబడి పలికితే సిగ్గుపడవలసిన పని లేదు.

బ్యాంకులో క్లర్కు ఏదైనా మాట చెబితే ఈ మూడు ప్రశ్నలు తెలుగులోనే అడగండి. నా అసలు తగ్గిందా? వడ్డీ ఆగిందా, నడుస్తోందా? మళ్లీ ఎప్పుడు, ఎంత కట్టాలి? వేవర్ అయితే మొదటిదానికి అవునని వస్తుంది. రీషెడ్యూల్ అయితే రెండోదానికి నడుస్తోందని వస్తుంది. రైట్ ఆఫ్ అయితే ఆయన కాస్త నీళ్లు నములుతాడు. జవాబును కాగితం మీద రాసి ఇమ్మని అర్జీ ఇవ్వండి. అర్జీ రెండు ప్రతులు రాయాలి. ఒకటి వాళ్లకు, రెండోదాని మీద ముద్ర, తేదీ వేయించుకుని మీరు తెచ్చుకోవాలి. ఆ ముద్ర పడిన ప్రతిని 'అక్నాలెడ్జ్‌మెంట్' అంటారు. పలకడం రాకపోతే 'అందినట్టు ముద్ర వేయండి సార్' అంటే సరిపోతుంది.